ఐసోలేషన్ గదిలో అల్మారా
(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1979లో ఈ బడిలో పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత నర్సింగ్ చదివి, హైదరాబాద్ ఆసుపత్రుల్లో ముప్పై అయిదేళ్ళకు పైగా పనిచేసి రిటైర్ అయ్యాను. మన సంఘం తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కరోనా రోజుల గురించి మాట్లాడు, అందరి మనసూ కదులుతుంది" అన్నాడు. "తమ్ముడూ, ఆ రోజుల్లో అందరి ఇళ్ళలోనూ ఏడ్చాం. మళ్ళీ ఏడిపించడానికి నేనెందుకు? నేను ఒక అల్మారా గురించి మాట్లాడుతాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే అక్కా, నీ ఇష్టం" అన్నాడు. అందుకు ఆయనకు కృతజ్ఞతలు.

అల్మారా అంటే బీరువా కాదు. ఆసుపత్రిలో ఐసోలేషన్ గది అని ఒకటి ఉంటుంది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే జబ్బు ఉన్న రోగిని విడిగా ఉంచే గది. ఆ గదిలో మంచం పక్కన ఒక చిన్న అల్మారా ఉంటుంది. అందులో సిరంజీలు, సెలైన్ సెట్లు, క్యాన్యులాలు, గాజు, కాటన్, గ్లోవ్స్, దుప్పట్లు పెడతాం. ఆ అల్మారాను ఎంత నింపాలి అన్నదే నా విషయం. వినడానికి చాలా చిన్న సంగతి. కానీ దాన్ని నేర్చుకోవడానికి నాకు పాతికేళ్ళ సర్వీసు పట్టింది. ఒక పెద్దమనిషికి నా వల్ల నష్టం జరిగిందేమో అన్న అనుమానం ఇప్పటికీ నాతోనే ఉంది.

ముందు ఈ గది గురించి రెండు మాటలు. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని మన పెద్దవాళ్ళు కోరంటి దవాఖాన అనేవాళ్ళు గుర్తుందా? క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. ఇటలీ రేవుల్లో ఓడలను నలభై రోజులు ఆపి ఉంచేవాళ్ళు కాబట్టి, వాళ్ళ భాషలో నలభై అన్న మాట నుంచి అది పుట్టింది. ఆ ఆసుపత్రికి ఇప్పుడు సర్ రొనాల్డ్ రాస్ పేరు ఉంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో ఆయన చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. మన ఊళ్ళలో కూడా ఈ ఆలోచన లేకపోలేదు. ఇంట్లో పిల్లకు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. అది చూసి ఎవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. పిల్ల గిన్నె, చెంబు, పక్కబట్ట వేరుగా ఉంచేవాళ్ళు. మా అమ్మ అయితే ఆ గదిలోకి రెండో చెంబు కూడా పోనిచ్చేది కాదు. ఎందుకమ్మా అంటే, "లోపలికి పోయింది మళ్ళీ వంటింట్లోకి రావొద్దు, అందుకని తక్కువ పోనీయాలె" అనేది. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇక నా కథకు వస్తాను. ఆసుపత్రి పేరు చెప్పను. తప్పు నాది, ఆసుపత్రిది కాదు.

అప్పటికి నేను వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ని. మా వార్డు చివర ఒక ఐసోలేషన్ గది ఉండేది. చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిమి పుండులో ఉన్న ఒక రోగిని అందులో పెట్టారు. నైట్ డ్యూటీ సిస్టర్లు ప్రతి చిన్న వస్తువుకూ గౌను విప్పి, చేతులు కడుక్కొని, స్టోర్‌కు పోయి, మళ్ళీ గౌను వేసుకొని లోపలికి రావడం నేను చూసేదాన్ని. పాపం అనిపించి అల్మారా నిండా సామాను పెట్టించాను. వారానికి సరిపడా పెట్టాను. మంచి ఇన్‌చార్జి అంటే అదే అనుకున్నాను. మూడో రోజు ఆ రోగిని వేరే ఆసుపత్రికి మార్చారు.

గది ఖాళీ అయ్యాక నియమం ఏమిటంటే, లోపల ఉన్నదంతా అంటు తగిలినట్టే లెక్క. ప్యాకెట్ విప్పినా విప్పకపోయినా అంతే. ఎందుకంటే రోగి పుండు ముట్టిన గ్లోవ్స్‌తోనే మనం ఆ అల్మారా తలుపు తీస్తాం. ఒక క్యాన్యులా కోసం చెయ్యి పెడితే పక్కనున్న నాలుగు ప్యాకెట్లకు వేళ్ళు తగులుతాయి. కొన్ని రకాల క్రిములు పొడిగా ఉన్న చోట కూడా రోజుల తరబడి, కొన్నయితే నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి అన్నీ పారెయ్యాలి. మా ఆయమ్మ రెండు పెద్ద సంచులు నింపింది. సీలు కూడా తీయని ప్యాకెట్లు. "సిస్టరమ్మా, ఇన్ని కొత్తవి పడేస్తున్నాం, పాపం తగులుతది" అంది. నాకూ కడుపు మండింది. మన జిల్లా ఆసుపత్రుల్లో అప్పట్లో ఒక సెలైన్ సెట్ కోసం రోగి మనుషులు చీటీ పట్టుకొని మెడికల్ షాపుకు పరుగెత్తడం చూసినదాన్ని నేను.

తర్వాతిసారి అదే గదిలో ఇంకో రోగి ఉండి వెళ్ళిపోయినప్పుడు నేను పారెయ్యలేదు. సీలు తీయని ప్యాకెట్లు అన్నీ బయటికి తెప్పించి, స్పిరిట్‌తో ఒక్కొక్కటీ తుడిచి, వార్డు స్టాక్‌లో కలిపేశాను. పొదుపు చేశానని గర్వపడ్డాను కూడా.

సుమారు పది రోజుల తర్వాత వార్డు మధ్యలో ఉన్న ఒక పెద్దాయనకు, ఆ గదిలోని రోగికి ఉన్న క్రిమే వచ్చింది. ఆయన షుగర్ వల్ల కాలికి పుండు పడి చేరిన రైతు. మన దిక్కు మనిషే. మాట వింటేనే తెలిసేది. ఆయన నన్ను పిలిచి అడిగాడు: "బిడ్డా, నేను కాలు పుండుకు వచ్చిన. ఈ కొత్త రోగం ఏడికెల్లి వచ్చె?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకో ఇరవై రోజులు ఎక్కువ ఉండాల్సి వచ్చింది. ఖరీదైన ఇంజెక్షన్లు పడ్డాయి. ఆయన కొడుకు ఊరికి పోయి పొలం కుదువ పెట్టి డబ్బు తెచ్చాడు. పెద్దాయన నయమై ఇంటికి వెళ్ళాడు, కాలు దక్కింది. వెళ్ళేటప్పుడు నాకు దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండం నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ క్రిమి నా ప్యాకెట్ల వల్లే వచ్చిందా? తేల్చి చెప్పలేను. మా చేతుల వల్ల రావొచ్చు, బీపీ పట్టీ వల్ల రావొచ్చు. కానీ నా వల్ల కాదని కూడా చెప్పలేను. మా మైక్రోబయాలజీ డాక్టర్ మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఒక సిరంజి ప్యాకెట్ తెప్పించి నా చేతిలో పెట్టి, "చూడండి సిస్టర్, ఒకవైపు ప్లాస్టిక్, ఇంకోవైపు కాగితం. కాగితం తడిస్తే తేమతో పాటు క్రిమి కూడా లోపలికి పోతుంది. మీరు తుడిచాక అది స్టెరైల్ అని ఎవరు చెప్పాలి?" అన్నారు. ఏళ్ళ తరబడి రోజూ చించి పారేసే కవరును నేను ఆ రోజే సరిగ్గా చూశాను.

పారేస్తే దండగ. వెనక్కి తెస్తే ప్రమాదం. మరి ఏం చెయ్యాలి?

ఆ రాత్రి ఇంటికి పోయి పడుకుంటే నాకు మన బడి సైన్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. మన సైన్స్ సార్ ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు. సార్, మీరు మాకు చెప్పిన మొదటి నియమం మీకు గుర్తుందో లేదో. "సీసాలోంచి పరీక్షనాళికలోకి పోసిన రసాయనం మళ్ళీ సీసాలో పోయకూడదు. పోస్తే సీసా మొత్తం పాడవుతుంది." ఒక రోజు నేను ఎక్కువ పోసుకొని, మిగిలింది ఏం చెయ్యాలి సార్ అని అడిగాను. మీరు, "ఇప్పుడు అడిగితే జవాబు లేదు. పోసుకునేటప్పుడు అడగాలి" అన్నారు. లిట్మస్ కాగితం ఒక్కోటి మూడు ముక్కలు చేసి ఇచ్చేవారు. మేము వెనక నవ్వుకునేవాళ్ళం. సార్ పిసినారి అనుకునేవాళ్ళం. ఇన్నేళ్ళకు ఈ సభలో క్షమించమని అడుగుతున్నాను.

మన ఊరి వాళ్ళకు ఇంకోలా చెప్తాను. ఈ సభలో రైస్ మిల్లుల వాళ్ళు చాలామంది ఉన్నారు. ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక మిర్యాలగూడ అంటేనే మిల్లులు. మిల్లులో ఏదీ వృథా పోదు. ఊక బాయిలర్‌కు పోతుంది, తవుడు నూనెకు పోతుంది, నూకలకు వేరే గిరాకీ ఉంది. కానీ లారీ వచ్చినప్పుడు తేమ ఎక్కడ చూస్తారు? గేటు దగ్గరే చూస్తారు. తడి ధాన్యం లోపల కుప్పలో కలిసిన తర్వాత వేరు చేయగలరా? ఐసోలేషన్ గదికీ అంతే. తీర్మానం గేటు దగ్గర జరగాలి. లోపలికి పోయిన తర్వాత మిగిలిన దాని గురించి చేసే ఏ తీర్మానమైనా తప్పే అవుతుంది.

ఇంత తెలిసినా పని సులువు కాలేదు. మీటింగ్ పెట్టి, ఇకనుంచి అల్మారాలో తక్కువ సామాను పెడదాం అన్నాను. నైట్ డ్యూటీ చేసే ఒక చిన్న సిస్టర్ లేచి, "మేడం, మీరు పగలు ఉంటారు. రాత్రి రెండింటికి లోపల నేను ఒక్కదాన్నే. క్యాన్యులా పాడైతే రోగిని వదిలి, గౌను విప్పి బయటికి రావాలా? మళ్ళీ కొత్త గౌను, కొత్త గ్లోవ్స్. అది దండగ కాదా?" అని అడిగింది. ఆ అమ్మాయి అన్నది నిజం. ఎక్కువ పెడితే ఎంత దండగో, మరీ తక్కువ పెట్టినా అంతే దండగ. పైగా తొందరలో గౌను సరిగ్గా విప్పకపోతే అంటుకునేది మనకే.

అందుకని ముందు లెక్క పెట్టాం. తలుపు బయట ఒక కాగితం అంటించి, ఒక షిఫ్టులో నిజంగా ఏది ఎన్ని వాడామో గీతలు గీయమన్నాను. చాకలి పద్దులాగా గీతలు. రెండు వారాల తర్వాత చూస్తే, మేము నిండుగా పెట్టే వాటిలో కొన్ని దాదాపు ముట్టనే లేదు, తక్కువ పెట్టే వాటి కోసమే అందరూ బయటికి పరుగెత్తుతున్నారు. అంటే మేము పెట్టింది అవసరాన్ని చూసి కాదు, అలవాటును బట్టి.

ఆ లెక్క మీద మేము చేసుకున్న పద్ధతి ఇది. ఇందులో మేం కనిపెట్టింది ఏమీ లేదు. పెద్ద ఆసుపత్రుల్లో ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు.

ఒకటి, అల్మారా తీసేశాం. లోపల ఒక ట్రే మాత్రమే. అందులో ఒక షిఫ్టుకు కావలసినవి, ప్రతిదానికీ ఒకటి అదనం. అంతే. మిగతా సామాను తలుపు బయట చక్రాల ట్రాలీలో.

రెండు, లోపల ఒకరు, బయట ఒకరు. లోపలున్న సిస్టర్ అద్దం మీద తట్టితే బయట ఉన్నవాళ్ళు శుభ్రమైన చేతులతో వస్తువు తీసి, తలుపు సందులోంచి ముట్టకుండా అందిస్తారు. రాత్రిపూట ఆ బయటి మనిషి ఎవరో డ్యూటీ చీటీలోనే పేరు రాశాం. అత్యవసరానికి సీలు వేసిన ట్రే ఒకటి బయటే గుమ్మం పక్కన ఉంటుంది.

మూడు, లోపలికి పోయే ముందు అర నిమిషం ఆగాలి. ఏం పని మీద పోతున్నాను? మందు ఇవ్వాలా, పక్క మార్చాలా, డ్రెస్సింగా? మూడు పనులూ ఒకే పోకలో అయ్యేట్టు చూసుకోవాలి. మూడుసార్లు పోతే మూడు గౌన్లు.

నాలుగు, ఒక రోగి నుంచి ఇంకో రోగికి తిరిగే వస్తువులు. స్టెతస్కోపు, బీపీ పట్టీ, థర్మామీటరు ఆ గదికి ప్రత్యేకం. అన్నిటికంటే దొంగ వస్తువు ప్లాస్టర్ రోలు. దాన్ని జేబులో వేసుకొని పది మంచాలు తిరిగేవాళ్ళం. దాని అంచుకు ఎన్ని వేళ్ళు అంటుకున్నాయో ఎవరూ చూడరు. ఆ రోగికి చిన్న రోలు ఒకటి, అది ఆ రోగితోనే ఆఖరు. పెద్ద సీసాల మందునీళ్ళు లోపలికి పోవు, చిన్నవే పోతాయి. మాత్రలు ఆ పూటవే. కేస్ షీటు, పెన్ను బయటే.

అయిదు, రోగి వెళ్ళిపోతారని ముందు రోజే తెలిస్తే ట్రే నింపడం ఆపేయాలి. ఉన్నవి వాడుకుంటూ రావాలి. ఇది అన్నిటికంటే తేలిక. ఎవరూ చెయ్యనిది కూడా ఇదే.

ఆరు, మిగిలినవి పారెయ్యాల్సిందే. అక్కడ జాలి పడకూడదు. కానీ ఏం పారేశామో రాయాలి. రాస్తే వచ్చే వారం ఆ వస్తువు తగ్గుతుంది.

వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది చేతులు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చేతులు క్లోరిన్ నీళ్ళతో కడిగించి కాన్పు మరణాలు తగ్గించాడు. ఆయన మాట ఆయన బతికుండగా ఎక్కువమంది వినలేదు. చేతులు ఎప్పుడెప్పుడు కడగాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు, ఇంజెక్షన్ లాంటి శుభ్రమైన పని చేసే ముందు, రక్తం లాంటివి తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత. అయిదోది, రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్న తర్వాత. ఆ అయిదోదే నా అల్మారా. అందరూ మరిచేది దాన్నే.

గ్లోవ్స్ వేసుకుంటే చాలు, చేతులు కడగక్కర్లేదు అనుకుంటాం. అదే గ్లోవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటాం, తలుపు తీస్తాం. గ్లోవ్స్ మనల్ని కాపాడుతాయేమో కానీ తర్వాతి రోగిని కాపాడవు. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. 2018లో అక్కడి నర్సులు అవసరం లేని చోట గ్లోవ్స్ వద్దు, చేతులు కడుగుదాం అని ప్రచారం మొదలుపెట్టారు. ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గింది. ఒక్క ఆసుపత్రిలో, ఒక్క వస్తువులో.

ఇక కరోనా. ఆ మాట ఎత్తనని అన్నాను కానీ ఎత్తక తప్పదు. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. గాంధీ ఆసుపత్రి మొత్తాన్నీ కోవిడ్‌కే కేటాయించారు. తర్వాత మేము పనిచేసే చోటా వార్డులు వార్డులే ఐసోలేషన్ గదులయ్యాయి. మొదట్లో పీపీఈ కిట్లు దొరికేవి కావు. ఒకసారి వేసుకుంటే ఆరు గంటలు. నీళ్ళు తాగడానికి లేదు, బాత్రూంకు పోవడానికి లేదు. అలాంటప్పుడు ఒక వస్తువు మరిచిపోయి బయటికి రావడం అంటే ఒక కిట్ పోయినట్టు. అప్పుడు మా లోపల ఒకరు, బయట ఒకరు పద్ధతి మమ్మల్ని నిలబెట్టింది. అద్దం మీద మార్కర్‌తో ఉల్టా రాయడం కూడా నేర్చుకున్నాం, బయటివాళ్ళకు సరిగ్గా కనపడాలని.

తర్వాత సామాను వచ్చింది. వచ్చాక భయంతో గుట్టలు పోశాం. చెత్త కూడా గుట్టలే. 2020 మార్చి నుంచి 2021 నవంబర్ వరకు ఐక్యరాజ్యసమితి ద్వారా దేశాలకు కొనిచ్చిన పీపీఈ ఒక్కటే సుమారు 87,000 టన్నులని, అందులో ఎక్కువ భాగం చెత్తగానే మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 ఫిబ్రవరిలో చెప్పింది.

ఆ చెత్త ఎక్కడికి పోతుందో మనం ఆలోచించం. 2016 నియమాల ప్రకారం ఆసుపత్రి చెత్తకు నాలుగు రంగులు. రక్తం అంటిన గాజు, కాటన్ లాంటివి పసుపు సంచిలోకి, సెలైన్ సెట్లు, ట్యూబులు, గ్లోవ్స్ లాంటి ప్లాస్టిక్ ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి. పసుపుది చాలావరకు కాల్చేస్తారు. ఎరుపుది క్రిములు చంపి మళ్ళీ ప్లాస్టిక్‌గా వాడుకోవచ్చు. 48 గంటలకు మించి నిలవ ఉంచకూడదు. ఆసుపత్రి చెత్తలో సుమారు 85 శాతం మామూలు చెత్తే, ప్రమాదకరమైనది 15 శాతమే. కానీ ఆ 15ను ఈ 85లో కలిపితే మొత్తం 100 ప్రమాదమే. సైన్స్ సార్ సీసా నియమం మళ్ళీ ఇక్కడికే వచ్చింది.

కరోనా మొదట్లో భయంతో మేము తినగా మిగిలిన అన్నం, అట్టపెట్టెలు, నీళ్ళ సీసాలు అన్నీ పసుపు సంచుల్లో వేసేశాం. కాల్చే చోట మోయలేనంత బరువు అయింది. అందుకే 2020 జులైలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలను సవరించి, మామూలు చెత్తను విడిగా ఉంచమని, వీలైనంతవరకు కడిగి వాడుకునే పళ్ళేలలో భోజనం పెట్టమని చెప్పింది. అట్ట పెట్టెలను, పై కవర్లను తలుపు బయటే విప్పేసి వస్తువును మాత్రమే లోపలికి పంపితే ఆ అట్ట మామూలు చెత్తే. లోపలికి పోతే అది రోగపు చెత్త. ఒక గడప దాటడంలో అంత తేడా ఉంది.

ఆ సంచులు ఎత్తే ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, లారీ వాళ్ళు ఎవరూ డాక్టర్లు కాదు. మా ఆయమ్మకు ఒకసారి పసుపు సంచిలోంచి సూది గుచ్చుకుంది. ఎవరో తొందరలో తెల్ల డబ్బాలో వేయాల్సింది సంచిలో వేశారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. రక్తపరీక్షల ఫలితాలు వచ్చే వరకు నెలల తరబడి తన మనవడిని ఎత్తుకోలేదు. ఆమెకు ఏమీ కాలేదు. కానీ ఆ నెలలు ఎవరు తిరిగిస్తారు?

ఇప్పుడు మీ ఇళ్ళకు పనికొచ్చే మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇంట్లో ఎవరికైనా అంటు జ్వరం వస్తే ఆ గదిని గోదాములా నింపకండి. ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక రోజు బట్టలు, ఆ రోజు మందులు చాలు. గాలి ఆడనివ్వండి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండండి. ఇది మా అమ్మ పద్ధతే.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు సూదులను చెత్తబుట్టలో వేయకండి. మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, మీకు దగ్గర్లోని ఆసుపత్రి వాళ్ళను అడిగి ఇవ్వండి. మన వీధి ఊడ్చే అమ్మ చేతులు కూడా చేతులే.

ఆసుపత్రికి రోగిని చూడటానికి పోయినప్పుడు మంచం మీద కూర్చోకండి, బ్యాగు మంచం మీద పెట్టకండి. లోపలికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు శుభ్రం చేసుకోండి. రెండు సంచుల పండ్లు తీసుకుపోకండి. ఐసోలేషన్‌లో ఉన్నవాళ్ళకు అయితే ఒక ఫోన్ చేస్తే చాలు.

చివరగా, మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం సందర్భంగా మన ఊరి ఆసుపత్రికి సామాను విరాళం ఇద్దామని అనుకుంటున్నారని విన్నాను. చాలా మంచి ఆలోచన. కానీ మనసుకు తోచింది లారీలో వేసి పంపకండి. కరోనాలో మాకు వచ్చిన విరాళాల్లో కొన్ని కిట్లు మా ఆడపిల్లలకు కూడా పట్టనంత చిన్నవి. కొన్నిటి గడువు నెలలో అయిపోయేది. వాటిని పెట్టడానికి చోటు, పారెయ్యడానికి మళ్ళీ ఖర్చు. ఇచ్చినవాళ్ళ మనసు బంగారం, వస్తువు మాత్రం చెత్త అయింది.

ముందు పోయి ఆ వార్డు సిస్టర్‌ను అడగండి. సూపరింటెండెంట్ గారిని అడగండి, కానీ సిస్టర్‌ను కూడా అడగండి. "అమ్మా, నువ్వు రాత్రి రెండింటికి దేనికోసం పరుగెత్తుతావు?" అని అడగండి. ఆమె గ్లోవ్స్ పెట్టెలు అడగకపోవచ్చు. మోచేత్తో తిప్పే కుళాయి అడగొచ్చు. కాలితో నొక్కే చెత్తడబ్బా, తలుపుకు ఒక అద్దం, చక్రాల ట్రాలీ, లోపలి నుంచి నొక్కే గంట అడగొచ్చు. అవి ఫోటోలో అంత గొప్పగా కనపడవు. కానీ ఏళ్ళ తరబడి పనికొస్తాయి, చెత్త పెంచవు, ఎవరి కాలికో పుండు పెట్టవు. చేతనైతే ఏడాదికొకసారి పోయి, ఇచ్చినవి పనిచేస్తున్నాయా అని చూసి రండి. నాకు ఇప్పుడు తీరిక ఉంది. ఆ కమిటీలో నన్ను వేస్తే సంతోషంగా వస్తాను.

ఆ పెద్దాయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే ఆయనకు ఇప్పుడు ఒక జవాబు చెప్పగలను. "తాతా, నీ రోగం ఏడికెల్లి వచ్చిందో నాకు తెలియదు. కానీ నా చేతుల మీదుగా ఇంకొకరికి రాకుండా ఆ తర్వాత నేను చూసుకున్నా" అని.

సార్, మీ ల్యాబ్‌లో నేర్చుకున్నది నా ఉద్యోగం మొత్తానికి సరిపోయింది. పోసుకునేటప్పుడే అడగడం నేర్చుకోవడానికి నాకు ఆలస్యమైంది. ఇప్పుడు ఈ బడిలో చదివే పిల్లలకు అంత ఆలస్యం కాకూడదని కోరుకుంటున్నాను.